శనివారాలు రేవులో నిజం చెప్పబడును

స్కార్వోయ్ దీవి,
ఫిబ్రవరి మొదటివారం

ఒరేయ్ ఐవిన్,

మీ అత్తయ్య బోర్గిల్డ్ ఇంకా బతికే ఉంది. నువ్వెలాగూ అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను.

పనిబడి రాస్తున్నాను. జిల్లా రవాణా వాళ్ళు మా రేవు గోడకి ఒక కాగితం అంటించి పోయారు. మనుషులు ఎక్కని, దిగని రేవుల్లో వచ్చే శీతాకాలం నుంచి పడవ ఆపరట. ఈ వేసవంతా చూస్తారట, చివర్లో ఒక మనిషి వచ్చి పరిశీలిస్తుందట, ఆ తర్వాత తేలుస్తారట. పడవ రాకపోతే ఉత్తరం రాదు, మందులు రావు, రొట్టెలోకి ఈస్టు కూడా రాదు. సొంత పడవ తోలడానికి నా తుంటి ఒప్పుకోదు. అంటే నేను కూడా పక్కింటి హల్వార్ చెల్లెలి లాగా పట్నంలో మందులషాపు పైన రెండు గదుల్లో చేరి, కింద పోయే కార్లు చూస్తూ కూర్చోవాలన్నమాట. నాకు భయంగా ఉందిరా. ఈ ముక్క హల్వార్‌తో కూడా అనలేదు.

దీవి సంఘం కూర్చుని, వెబ్‌సైట్ పెడితే జనం వస్తారని తేల్చింది. నువ్వు వాటితోనే బతుకుతున్నావు కదా. కానీ నాకు చేసిపెట్టకు. చేసిపెడితే పడవ వేళ మారినప్పుడల్లా నీ గడ్డం పట్టుకుని బతిమాలాలి. నేర్పు, చాలు. వలకి ముడి వెయ్యడం నీకు నేను నేర్పలేదూ? జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మరీ అంత మొద్దునేం కాదు.

ఇంకో మాట. సైటు పని కంప్యూటర్‌లో చేస్తాను, కబుర్లు మాత్రం కాగితం మీదే. నీ చేతిరాత వంకర చూస్తేనే నువ్వు తిన్నావో లేదో నాకు తెలుస్తుంది.

అత్తయ్య

~

ట్రాండ్‌హైమ్,
ఫిబ్రవరి నెలాఖరు

అత్తయ్యా,

తిన్నాను. రాత వంకరకి కారణం ట్రామ్‌లో రాస్తున్నాను.

మేం వెబ్‌సైట్లు చేసేవాళ్ళం అంత మేధావులమేం కాదు. కావలసిన సరంజామా అంతా నెట్‌లో ఊరికే దొరుకుతుంది, ఏది ఎక్కడుందో తెలియడమే మా విద్య. ఆ గుట్టు నీకు విప్పుతున్నాను, మా ఆఫీసులో చెప్పకు.

మొదట పాఠాలు చెప్పే చోటు. ఎడమపక్క నువ్వు రాస్తావు, కుడిపక్క అది ఎలా కనిపిస్తుందో వెంటనే చూపిస్తుంది. తప్పు రాస్తే తిట్టదు, ఆ విషయంలో నీకంటే మంచి టీచరు. రెండోది రంగులు సరిచూసేది. అక్షరాల రంగు, వెనక రంగు ఇస్తే, చూపు తగ్గినవాళ్ళకి కనిపిస్తుందో లేదో చెప్పేస్తుంది. మూడోది ఉచిత ఫొటోల గోదాం. నాలుగోది ఫొటోల బరువు తగ్గించేది. బరువైన ఫొటో పెట్టావంటే సైటు తెరుచుకునేలోపు మనిషి విసుగెత్తి ఇంకో దీవికి పోతాడు. ఐదోది నాకు ప్రాణం: పాత ప్రతులన్నీ దాచే చోటు. ఇవాళ చెడగొట్టినా నిన్నటిది వెనక్కి తెచ్చుకోవచ్చు. మనుషులకి కూడా అలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేది!

ఇక అసలు రహస్యం. ఏ వెబ్‌సైట్ మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కి, 'పరిశీలించు' అనేది ఎంచుకో. ఆ సైటు లోపలి పేగులన్నీ కనిపిస్తాయి. వాటిని మార్చి కూడా చూడొచ్చు. నేనిలాగే నేర్చుకున్నాను.

మన సైటుకి రెండు కాపీలు పెడుతున్నాను. ఒకటి మనిద్దరికే కనిపించే ప్రాక్టీసు కాపీ, రెండోది లోకానికి. మధ్యలో 'ప్రచురించు' అని ఆకుపచ్చ బటన్ ఉంటుంది. నీకు దండం పెడతాను, నేను చెప్పేదాకా దాని జోలికి వెళ్ళకు.

నీ ఐవిన్

~

స్కార్వోయ్,
మార్చి, మంచు కరుగుతున్నరోజు

ఒరేయ్ బడుద్ధాయ్,

నా పరువు గంగలో కలిపావు.

నువ్వు చెప్పినట్టే మన పేపరు వాళ్ళ సైటు తెరిచి కుడి బటన్ నొక్కాను. పేగులు కనిపించాయి. మొదటి పేజీ శీర్షికలో మంత్రిగారి పేరు తీసేసి, సరదాకి హల్వార్ పేరు పెట్టాను. 'రాజీనామా చేసిన హల్వార్' అని ఇంతింత అక్షరాలతో పడింది! నా గుండె ఆగినంత పనైంది. దేశం మొత్తం చదివే పేపరు కదరా! హల్వార్‌ని పిలిస్తే, వాడు చూసి తెల్లమొహం వేసి, "నేనేం చేశానే, నన్నెందుకు ఇరికించావు?" అన్నాడు. వెంటనే పేపరు ఆఫీసుకి ఫోన్ చేసి, పొరపాటున మీ పేపరు మార్చేశాను, క్షమించండి, జైలుకి పంపేట్టయితే పడవలో పంపండి, రోడ్డు లేదు అని చెప్పాను. ఫోనెత్తిన పిల్ల ఎంతసేపు నవ్విందో! ఆ మార్పు నా కంప్యూటర్‌లో నాకొక్కదానికే కనిపిస్తుందట. ఆ ముక్క నువ్వు ముందే చెప్పి ఏడవచ్చు కదా.

రంగులు సరిచూసేది మాత్రం బ్రహ్మాండం. కనబడిన ప్రతి సైటునీ దానికి అప్పగిస్తున్నాను. మీ కుర్రాళ్ళందరికీ తెల్లకాగితం మీద బూడిదరంగు రాతలంటే ఏం పిచ్చిరా? మీరెవరూ ముసలివాళ్ళు అవరా?

ఉచిత ఫొటోల గోదాంలో 'దీవి' అని కొడితే అన్నీ తాటిచెట్లే. 'చలి దీవి' అని కొడితే పెంగ్విన్లు వచ్చాయి. చివరికి హల్వార్ ఫోన్‌తో మన రేవుని, మన సముద్రకాకుల్నీ తీయించాను. వాడి వేలు కూడా పడింది, ఉంచేశాను.

సైటులో నువ్వు నింపిన ఆ లాటిన్ ముక్కలేమిటి? పాస్టర్‌గారికి చూపిస్తే ఇది లాటిన్ కూడా కాదమ్మా అన్నారు. మనుషులకి అర్థమయ్యే మాటలు పెట్టు.

అత్తయ్య

~

ట్రాండ్‌హైమ్,
ఈస్టర్ ముందు

అత్తయ్యా,

పేపరు ఆఫీసు కథ మా ఆఫీసులో చదివి వినిపించాను. నీకిక్కడ అభిమానసంఘం ఏర్పడింది.

ఆ లాటిన్ ఉత్త నింపుడు మాటలు. అసలు మాటలు వచ్చేలోపు పేజీ ఎలా ఉంటుందో చూసుకోవడానికి అందరం అదే పోస్తాం. నీకు నచ్చలేదు కాబట్టి వాటి బదులు నోటికొచ్చినవేవో రాసి పెట్టాను. నువ్వు అసలు మాటలు రాశాక అవి తీసేద్దాం.

ఈస్టర్‌కి అందరిలాగే కొండమీది కాబిన్‌కి పోతున్నాను. ఎప్పటిలాగే నారింజపళ్ళు, హత్యల నవలలు, మంచు. అక్కడ సిగ్నల్ ఉండదు. వచ్చాక అంతా ఒకసారి సరిచూసి అప్పుడు ప్రచురిద్దాం. ఆకుపచ్చ బటన్ సంగతి మళ్ళీ చెప్పనక్కర్లేదుగా?

ఐవిన్

~

స్కార్వోయ్,
మే, శనివారం సాయంత్రం

ఐవిన్,

'ఒరేయ్' అని పిలవడానికి కూడా మనసు రావడంలేదు.

అవును, బటన్ నొక్కాను. ఈస్టర్‌కి సంఘంలో అందరూ ఇంట్లోనే ఉన్నారు, చూపించమని ప్రాణం తీశారు, నొక్కాను. నా కంప్యూటర్‌లో అంతా లక్షణంగా ఉంది. రేవు, కాకులు, హల్వార్ వేలు, పడవ వేళలు. ఒక్క పిచ్చిమాట కూడా లేదు.

ఇవాళ మధ్యాహ్నం పడవలోంచి ముగ్గురు దిగారు. నేను రబ్బరుబూట్లతో చేపలు కడుగుతున్నాను. ఎర్రప్యాంటు వేసుకున్న పెద్దమనిషి తిన్నగా నా దగ్గరికొచ్చి, "బోర్గిల్డ్ మీరేనా? నిజం వినడానికి వచ్చాం" అన్నాడు. ఎవరైనా చచ్చిపోయారేమో అనుకున్నాను. అతను తన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. అందులో, మన సైటు అడుగున, ఒక పెట్టెలో ఇలా ఉంది:

'ప్రతి శనివారం మధ్యాహ్నం పడవ వచ్చే వేళకి బోర్గిల్డ్ రేవులో ఉంటుంది. ఏదైనా అడగండి. మొహం మీదే నిజం చెబుతుంది. ఏడ్చినవారికి వాఫల్ ఉచితం.'

నీకేం పోయేకాలంరా!

ఇది ఉత్త వేళాకోళం, ఇంటికెళ్ళండి అందామంటే తిరుగు పడవ ఇంకో మూడు గంటలు గడిస్తే గానీ లేదు. ఎర్రప్యాంటాయన అడిగాడు, ఈ ప్యాంటు నాకు బాగుందా అని. లేదు అన్నాను. ఆయన భార్య నన్ను కావలించుకుంది. ఆవిడ చాలాకాలంగా చెబుతోందట, ఆయన వినలేదట. మూడో పిల్ల, కవిత్వం రాస్తానని ఒకటి చదివి వినిపించింది. సముద్రం గురించి. సముద్రాన్ని ఎప్పుడైనా చూశావా అమ్మా, లేక విన్నావా అని అడిగాను. ఏడ్చింది. వాఫల్ అట్టు వెయ్యాల్సి వచ్చింది, దానిమీద నా ఆఖరి చీజు ముక్క కూడా.

ఇంట్లో కూర్చుని నేనూ ఏడ్చాను. పడవ కోసం ప్రాధేయపడుతున్న వేళ నన్ను సర్కసులో కోతిని చేశావు. ఆ పెట్టె తీసెయ్.

బోర్గిల్డ్

~

ట్రాండ్‌హైమ్,
మే

అత్తయ్యా,

బుద్ధి గడ్డి తింది. కాళ్ళు పట్టుకుంటున్నాను అనుకో.

ఎలా జరిగిందంటే, ఒకే పేజీని కంప్యూటర్‌కి ఒకలాగా, ఫోన్‌కి ఒకలాగా అమరుస్తాం. ఫోన్ అమరికలో అడుగున ఖాళీ మిగిలితే ఆ పెట్టె అక్కడ పెట్టాను. కంప్యూటర్ అమరికలో అది దాక్కుంటుంది. నీకు నెట్ వచ్చే ఫోన్ లేదు కదా, నీకెలా కనిపిస్తుంది? తప్పంతా నాదే. నింపుడు మాటలు లోకానికి చూపించడం మా వృత్తిలో మహాపాపం. అందుకే అందరూ ఎవరికీ అర్థంకాని లాటిన్ పోస్తారని ఇప్పుడు బోధపడింది.

పెట్టె తీసేశాను. నన్ను మళ్ళీ 'ఒరేయ్' అను అత్తయ్యా, నాకు నిద్రపట్టడంలేదు.

ఐవిన్

~

స్కార్వోయ్,
జూన్

ఒరేయ్,

నిన్నెవడు తియ్యమన్నాడు?

సరే, నేనే తియ్యమన్నాను. కానీ నీ ఉత్తరం వచ్చేలోపు రెండు శనివారాలు గడిచాయి. మొదటి శనివారం ఆరుగురు, రెండోసారి డజను పైనే దిగారు. ఎర్రప్యాంటాయన అందరికీ చెప్పాడట. కెప్టెన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం పంచిపెడుతున్నావే బోర్గిల్డ్?" అని కేకేశాడు. నువ్వు తీసేశాక వచ్చిన శనివారం ఒక్క పురుగు దిగలేదు. రేవులో చాపమీద పిండిగిన్నెతో నేనూ, హల్వార్! సిగ్గుతో చచ్చాననుకో.

అందుకని ఆ పాత ప్రతులు దాచే చోటికి పోయి, మే నెల ప్రతి తవ్వి తీసి, పెట్టె వెనక్కి తెచ్చి, కంప్యూటర్ అమరికలో కూడా పెట్టి, ఆకుపచ్చ బటన్ నొక్కాను. నీ అనుమతి అడగలేదు, అడగను. 'వాఫల్ ఉచితం' అన్నది మాత్రం పీకేశాను. ఏడుపు రాకపోయినా నటిస్తున్నారు వెధవలు.

నీ అత్తయ్య

~

ట్రాండ్‌హైమ్,
ఆగస్టు మొదట్లో

గురువుగారికి,

మొక్కుతున్నాను. నేను మూడేళ్ళు నేర్చుకున్నది నువ్వు నాలుగునెలల్లో నేర్చావు.

సైటుకి ఎంతమంది వస్తున్నారో గీత గీసి చూపించే సాధనం ఒకటి తగిలించాను. ఆ గీత మా ఇంటి వెనక కొండ ఎక్కినట్టు ఎక్కుతోంది. పరిశీలనకి వచ్చే ఆవిడ పేరు తూరిద్ అనీ, ఈ నెలాఖరులో వస్తుందనీ రాశావు. మనం గెలిచేసినట్టే అత్తయ్యా!

ఒక్కటే అడుగుతాను. ఆవిడ ఏమడిగినా కాస్త చూసుకుని చెప్పు. శీతాకాలం గురించి అడిగితే, అప్పుడూ బాగానే వస్తారండీ అను. తీరం వెంబడి ప్రతి దీవివాళ్ళూ అలాగే అంటారు, నువ్వూ అంటే లోకం తలకిందులు కాదు. జీవితంలో ఒకే ఒక్క అబద్ధం, నీ ఇంటికోసం. ఏం?

ఐవిన్

~

స్కార్వోయ్,
సెప్టెంబరు

ఒరేయ్ నాన్నా,

చెప్పలేకపోయాను.

శనివారమే వచ్చింది తూరిద్. పైఅధికారిలా ఫైలు పట్టుకుని వస్తుందనుకున్నాను. నీలం రెయిన్‌కోటు వేసుకుని అందరితోపాటు వరసలో నుంచుంది. ముందున్నవాళ్ళు అడిగేవన్నీ వింది. ఒకడు తన పెళ్ళాం వంట గురించి అడిగాడు, నువ్వెప్పుడైనా వండావా అన్నాను, పారిపోయాడు. అందరూ నవ్వారు, తూరిద్ కూడా నవ్వింది. తర్వాత ఆవిడ వంతు వచ్చింది. వాఫల్ తింటూ తన పేరు, ఉద్యోగం చెప్పి, "అయితే నాకూ ఒక నిజం చెప్పండి. శీతాకాలంలో ఈ రేవులో ఎంతమంది ఎక్కుతారు?" అంది.

నువ్వు రాసిన వాక్యం నోటిదాకా వచ్చిందిరా. బాగానే వస్తారండీ. ఎంత చిన్న వాక్యం! హల్వార్ వెనకనుంచి నా కోటు లాగుతున్నాడు. వరసలో అందరూ నా నోరే చూస్తున్నారు. వాళ్ళంతా నేను నిజం చెబుతాననుకుని కదా అంత దూరం నుంచి వస్తున్నారు. మేలో రేవులో ఏడ్చిన ఆ పిల్ల, నా మాట విని తన కవిత్వం మొత్తం చింపేసుకుందట కూడా. అలాంటిది, నా దాకా వచ్చేసరికి అబద్ధమా?

"శీతాకాలంలో ఎవరూ ఎక్కరమ్మా. నేనొక్కదాన్నే, అదీ పంటి డాక్టరు కోసం. హల్వార్ వాళ్ళ చెల్లెలి దగ్గరికి అప్పుడప్పుడు. చాలా రోజులు ఆ పెద్ద పడవ ఊరికే వచ్చి, ఊరికే పోతుంది. చూస్తే నాకే సిగ్గేస్తుంది. కానీ అది రాకపోతే నేనిక్కడ బతకలేను, ఇంకెక్కడా బతకాలని లేదు. రెండూ నిజమే" అన్నాను.

ఆవిడ చేతికంటిన జామ్ తుడుచుకుని, థాంక్స్ చెప్పి, పడవెక్కి పోయింది. హల్వార్ నాతో మాట్లాడటంలేదు. నిన్న అతని చెల్లెలికి ఫోన్ చేసి, ఆ మందులషాపు మేడమీద ఖాళీ గది ఉందా అని అడిగాను. ఉందట.

నువ్వు తిడతావని తెలుసు. తిట్టు.

అత్తయ్య

~

ట్రాండ్‌హైమ్,
సెప్టెంబరు

అత్తయ్యా,

తిడదామనే కూర్చున్నాను. మూడు కాగితాలు పాడుచేశాను. కొంప ముంచుకున్నావు కదా అత్తయ్యా, నీ నోటితో నువ్వే! అంత కష్టపడి, పేగులు చీల్చి, కాకుల ఫొటోలు తీయించి, ఆఖరికి పంటి డాక్టరా?

మందులషాపు పైన నిన్ను ఊహించుకోలేను. ఆ కింద పోయే ప్రతి కారుకీ నిజం చెబుతావు, పోలీసులు వస్తారు.

నాకు కోపంగా ఉంది. గర్వంగా కూడా ఉంది, అందుకే ఇంకా కోపంగా ఉంది. సామాన్లు సర్దాల్సి వస్తే సెలవుపెట్టి వస్తాను.

ఐవిన్

~

స్కార్వోయ్,
నవంబరు

ఒరేయ్ ఐవిన్,

సెలవు పెట్టకు. లేదా పెట్టు, కానీ సర్దడానికి కాదు.

పోయినవారం తూరిద్ ఫోన్ చేసింది. తీరం పొడుగునా తిరిగిందట. ప్రతి రేవులోనూ, శీతాకాలంలో మాకు జనం కిటకిట అన్నారట. ఒక్కరి మాటా నమ్మబుద్ధి కాలేదట. "మీరొక్కరే, పడవ ఊరికే వచ్చి పోతోందన్నారు. అసలు సమస్య అదేనని అప్పుడు అర్థమైంది" అంది. ఇప్పుడు శీతాకాలంలో, ఎవరైనా ముందురోజు సాయంత్రానికల్లా చెబితేనే పడవ మా రేవుకి తిరుగుతుంది. చెప్పకపోతే తిన్నగా పోతుంది. రేవు పేరు మాత్రం పడవ వేళల పట్టికలో ఉంటుంది. "మీ సైటులో దానికొక బటన్ పెట్టగలరా? ఎవరు చేశారండీ ఆ సైటు?" అని అడిగింది. నేనే అన్నాను. అదీ నిజమే, నువ్వు చేసింది ఒక పెట్టె మాత్రమే.

బటన్ నేనే తయారుచేశాను. ఫారాలు కట్టిపెట్టే చోటొకటి నెట్‌లో ఊరికే దొరికింది. ఒకచోట చిక్కుపడి, మీ వాళ్ళందరూ ప్రశ్నలు అడుక్కునే ఆ చర్చావేదికలో అడిగాను. ఎవడో ఈ మాత్రం తెలియదా అని విసుక్కున్నాడు. బాబూ, నీకు బడిలో చదువు చెప్పినవాళ్ళెవరూ అలా విసుక్కోలేదు కదా అని రాశాను. సారీ చెప్పి, మొత్తం తనే విప్పిపెట్టాడు. పెద్ద అక్షరాలు, నల్లవి, తెలుపు మీద. ఫోన్‌లో ఎలా ఉందో హల్వార్ ఫోన్ లాక్కుని మరీ చూశాను. వాడిప్పుడు నాతో మాట్లాడుతున్నాడు, అడక్కుండానే.

నిన్న సాయంత్రం నా పేరు కొట్టి, బటన్ నొక్కాను. ఇవాళ పొద్దున్న ఇంకా చీకటే, గాలి కొట్టేస్తోంది, రేవులో నిలబడ్డాను. మనసులో నమ్మకం లేదు. దూరంగా దీపాలు కనిపించాయి. తిన్నగా పోతున్నాయి. అయిపోయింది, ఏదో తప్పు రాసుంటాను అనుకున్నాను. అంతలో దీపాలు మెల్లగా పక్కకి తిరిగాయి. అంత పెద్ద పడవరా, నిండా జనంతో, నా ఒక్కదాని కోసం ఇటు తిరిగింది.

కెప్టెన్ తలుపు తీసి, "ఎక్కడికే బోర్గిల్డ్?" అన్నాడు.

ఏం చెప్పను? వంటింటి ఏప్రన్ కూడా విప్పలేదు. "ఎక్కడికీ కాదు. బటన్ పనిచేస్తుందో లేదో చూద్దామని" అన్నాను.

కిటికీల్లో అన్నీ మొహాలే. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మరి పనిచేసిందా?"

"చేసింది."

"అయితే ఎక్కు. ఇంతదూరం తిప్పి ఖాళీగా పోతే నాకు బాగోదు."

ఎక్కాను. ఏప్రన్‌తోనే, డబ్బులైనా లేకుండా. కిటికీ పక్కన కూర్చోగానే కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. పట్నం దాకా కారుతూనే ఉన్నాయి. ఎదురుసీటులో ఎవరో చిన్నపిల్ల, కాలేజీకి పోతున్నట్టుంది, రుమాలు ఇచ్చి, ఏమైంది బామ్మా అని అడిగింది.

నిజమే చెప్పాను. "మా రేవులో పడవ ఆగిందమ్మా" అన్నాను.

అత్తయ్య